చెయ్యి కలపనిదే క్లాసు మారదు

డాక్టర్ త్రిపురసుందరి తన ఉద్యోగంలో చేసిన ఘోరమైన తప్పు ఒక్కటే. తన సబ్జెక్టుని డైరెక్టరు గారికి అర్థమయ్యేలా చెప్పింది.

అంతకుముందు ఏళ్ళ తరబడి అర్థం కాకుండానే చెప్పేది, అందరూ సుఖంగా ఉండేవారు. కాకినాడలోని తూర్పుతీర రోగనిరోధక పరిశోధనా సంస్థలో వార్షికోత్సవం అంటే ఆవిడ లేచి మనిషి రక్తంలోని బి కణాల గురించి మాట్లాడాలి, ముందు వరుసలో పెద్దలు కళ్ళు మూసుకుని ఆలకించాలి, ఆఖర్న చప్పట్ల మోతకి మెలకువొచ్చి తామూ నాలుగు చప్పట్లు కొట్టాలి. అదీ ఆనవాయితీ. ఈ ఏడు కొత్త డైరెక్టరు జలంధరరావు గారు వచ్చారు. ఆయన డాక్టరూ కాదు, సైంటిస్టూ కాదు. అంతకుముందు ఎక్కడో గిడ్డంగుల్లో బియ్యం బస్తాలకి అధిపతిగా ఉండి, అక్కడి ఎలుకల బెడదని ఎలుకలకి గుర్తింపు నంబర్లు కేటాయించి పరిష్కరించిన మనిషి.

“మేడమ్, ఈసారి కాస్త ఆఫీసు భాషలో చెప్పండి. మాకూ బుర్రలున్నాయి కదా,” అని ఆయన ముందే కబురుపెట్టారు.

ఇన్నాళ్ళకి వినేవాడు దొరికాడని త్రిపుర పొంగిపోయింది. పిచ్చిది.

“బి కణాన్ని కొత్తగా చేరిన గుమాస్తా అనుకోండి,” అని మొదలుపెట్టింది వేదిక మీద. “రోగక్రిముల్ని పట్టుకునే ప్రతిరక్షకాల్ని తయారుచెయ్యడం దీని ఉద్యోగం. చేరిన కొత్తలో అది ఎం క్లాసు సరుకే తయారుచేస్తుంది. ఎం క్లాసు అంటే ఐదేసి ప్రతిరక్షకాలు ఒకదాన్నొకటి అంటుకుని గుంపుగా తిరుగుతాయి. భారీ శరీరం, రక్తం దాటి ఎక్కువ దూరం పోలేవు. ఒంట్లో మూలమూలకీ పోవాలంటే జి క్లాసు కావాలి. ముక్కు, నోరు, పేగులు, ఇలాంటి గుమ్మాల దగ్గర కాపలాకి ‘ఏ’ అనే క్లాసు. కడుపులో పురుగుల్లాంటి వాటి మీద విరుచుకుపడ్డానికి ఇ క్లాసు. ఆ ఇ క్లాసే ఒక్కోసారి బుర్ర తిరిగి వేరుశనగ పప్పు మీదా విరుచుకుపడుతుంది, దాన్నే మనం ఎలర్జీ అంటాం.”

“గుమాస్తా క్లాసు ఎలా మారతాడు?” అన్నారు జలంధరరావు గారు. ముందు వరుసలో మనిషి ప్రశ్న అడగడం ఆ హాల్లో అదే మొదటిసారి.

“తనంతట తను మారడండీ. కణం పైపొర మీద గ్రాహకాలుంటాయి, బయటి కబురు అందుకునే చేతులన్నమాట. అందులో సీడీ నలభై అనేదొకటి. సహాయక టి కణం వచ్చి ఆ చేతితో చెయ్యి కలపాలి. అదొక్కటే చాలదు. ఫలానా క్లాసులోకి మారమని చెప్పే రసాయన సందేశం ఇంకో గ్రాహకానికి అందాలి. రెండూ అందాకే కణం తన డీఎన్ఏలో ఒక ముక్క కోసి పారేసి కొత్త క్లాసులోకి మారుతుంది. పారేసిన ముక్క తిరిగి రాదు. కాబట్టి వెనక్కి మారడం అన్నది ఉండదు.”

జలంధరరావు గారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

“రెండు అనుమతులు లేనిదే కదలదు! కదిలాక వెనక్కి రాదు! కంటికి కనపడని కణానికున్న క్రమశిక్షణ నా స్టాఫుకి లేదు!” అన్నారు.

ఆ సాయంత్రం త్రిపుర దారిలో ఆగి కాజాలు కొనుక్కుని ఇంటికెళ్ళింది, మనసు అంత బాగుంది.

సోమవారం పొద్దున్నే సర్క్యులర్ దిగింది. “పైన ఉదహరించిన ప్రసంగము ననుసరించి, సంస్థ యందలి సమస్త సిబ్బందిని ఇందుమూలముగా బి కణములుగా పరిగణించడమైనది. ప్రతి ఉద్యోగి ఎం క్లాసుగా ప్రారంభమగును. చొక్కాకు ఎడమవైపున కరచాలన గ్రాహకము, కుడివైపున సందేశ గ్రాహకము ధరించవలెను. పై అధికారి ఎడమ గ్రాహకముతో చేయి కలిపి, కుడి గ్రాహకమునందు క్లాసు చీటీ ఉంచిన పిదపనే సదరు ఉద్యోగి క్లాసు మారును. మారిన పిదప పాత ఉద్యోగ సంబంధిత పత్రములు కత్తిరించి నాశనము చేయబడును. ఇది తక్షణము అమలులోకి వచ్చును.”

కింద సంతకం ఏవో పాపారాయుడు గారిది. ఏవో అంటే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు. సంస్థలో గాలి కూడా ఆయన్ని అడిగే వీస్తుందని ఆయన నమ్మకం.

కరచాలన గ్రాహకాలు ఎక్కణ్ణుంచి తేవాలన్న ప్రశ్న వచ్చింది. ఆపరేషన్ థియేటర్లో గ్లౌజులున్నాయి, వార్డుల్లో దూది ఉంది. గ్లౌజుల్లో దూది కూరి, తలా ఒకటి గుండెల మీద కుట్టించారు. ఆ వారం ఆపరేషన్లు వాయిదా పడ్డాయి, ఎందుకంటే సర్జన్ల చేతులకి గ్లౌజుల్లేవు. గుండెల మీద మాత్రం ఉన్నాయి.

అక్కడితో ఆగితే ఆయన జలంధరరావు ఎందుకవుతారు? ఎం క్లాసు ప్రతిరక్షకాలు ఐదేసి గుంపుగా తిరుగుతాయని త్రిపుర చెప్పింది కదా, ఎం క్లాసు ఉద్యోగులు కూడా ఐదుగురేసి, వీపులు ఆనించుకుని, నడుములకి నాడాతో కట్టుకుని సంచరించాలని అనుబంధ సర్క్యులర్ వచ్చింది. త్రిపురని ఒక ఎక్స్‌రే టెక్నీషియన్‌తో, లిఫ్ట్ ఆపరేటరుతో, అకౌంటెంటుతో, తోటమాలితో కలిపి కట్టారు. ఆవిడ వార్డువైపు నడిస్తే అకౌంటెంటు వెనక్కి నడవాలి. తోటమాలికి టీ తాగాలనిపిస్తే ల్యాబు మూతపడాలి. బాత్రూము సంగతి ఏమిటని యూనియను వారు రాతపూర్వకంగా అడిగితే, “ఐదుగురికిని ఏకకాలమున అవసరము కలిగినట్లు ఐదుగురును ధ్రువీకరించినచో అనుమతించవచ్చును” అని స్పష్టత ఇచ్చారు.

మొట్టమొదట క్లాసు మారినవాడు గవర్రాజు. మందుల స్టోరు చూసే ఫార్మసిస్టు. పిఠాపురం దగ్గర్నుంచి రోజూ బస్సులో వచ్చే నెమ్మదస్తుడు, ఎవరి మీదా గొంతెత్తి ఎరగడు. మందులు అన్ని వార్డులకీ వెళ్ళాలి కాబట్టి అతను జి క్లాసుకి మారాలని అందరికీ తెలుసు. జలంధరరావు గారు స్వయంగా వచ్చి, గవర్రాజు గుండె మీది దూది చేతిని పట్టుకుని ఊపారు. పాపారాయుడు గారు సందేశ గ్రాహకంగా కుట్టిన కుడి జేబులో చీటీ పెట్టారు. గవర్రాజు తీసి చూసుకుంటే ఇ అని ఉంది.

“ఇదేటండీ? నాది జి కదండీ?” అన్నాడు గవర్రాజు.

“జి చీట్లు ప్రింటింగులో ఉన్నాయి. ప్రస్తుతం స్టాకులో ఉన్నవి ఇ చీట్లే. వాడకపోతే ఆడిట్ అభ్యంతరం వస్తుంది,” అన్నారు పాపారాయుడు గారు.

“ఆయ్, పోనీ అవొచ్చేదాకా ఆగుతానండి.”

“చెయ్యి కలిపేశారుగా! సంకేతం అందిన కణం ఆగుతుందా? మేడమ్ గారిని అడగండి.”

అడిగేలోపే గవర్రాజు ఫార్మసీ పత్రాలు కత్తిరించే మిషన్లోకి పోయాయి. అతని స్టోరు తాళంచెవి సీలు వేసిన కవర్లో డైరెక్టరు గారి బీరువాలోకి పోయింది. అతన్ని తీసుకెళ్ళి మెయిన్ గేటు దగ్గర నిలబెట్టారు. ఇ క్లాసు విధి, లోపలికొచ్చే అపాయం లేని వస్తువుల మీద అపాయం ఉన్నట్టు విరుచుకుపడడం. వేరుశనక్కాయల పొట్లంతో వచ్చిన ఒక ముసలాయన మీద గవర్రాజు అరవలేక అరవలేక “అయ్యా, తమరు కాస్త దూరంగా ఉంటారా?” అన్నాడు. తగినంత ఎలర్జీ చూపలేదని ఆ రోజే అతనికి మెమో ఇచ్చారు.

దాంతో జనం బెదిరిపోయారు. జలంధరరావు గారు చెయ్యి చాచుకుంటూ వరండాలో వస్తుంటే ఐదేసి మంది కట్టలు కట్టలుగా గోడలకి అతుక్కుపోయేవారు. సంస్థ మొత్తంలో జి క్లాసు మనిషన్నవాడు ఒక్కడూ లేడు.

ఇదంతా చూసి త్రిపురకి నవ్వాగేది కాదు. అకౌంటెంటూ తనూ ఒకళ్ళ వీపు ఒకళ్ళకి ఆనించుకుని పడీపడీ నవ్వుకున్న రోజులున్నాయి. ఆ నవ్వు నూకరత్నం వచ్చేదాకానే.

నూకరత్నానిది ఉప్పాడ. మగ్గం మీద జాంధానీ చీరలు నేస్తుంది. పదకొండేళ్ళ కూతురు వీరవేణిని నెలనెలా బస్సెక్కించి సంస్థకి తీసుకొస్తుంది. ఆ పిల్ల బి కణాల మీద సీడీ నలభై గ్రాహకం పుట్టుకతోనే లేదు. టి కణం వచ్చి చెయ్యి చాస్తుంది, అందుకునే చెయ్యి అవతల ఉండదు. అందుకని ఆ పిల్ల కణాలు ఎం క్లాసు సరుకే కుప్పలు తెప్పలుగా చేసుకుంటూ ఉంటాయి గానీ జి తయారు కాదు. ఊళ్ళో ఎవరికి జలుబొచ్చినా వీరవేణికి ఊపిరితిత్తుల దాకా పోతుంది. ఎముక మూలుగ మార్పిడికి సరిపడే దాత దొరికేదాకా ఒకటే దారి. రక్తదాతల నుంచి తీసిన రెడీమేడ్ జి ప్రతిరక్షకాల్ని నెలకోసారి సెలైన్‌లా ఎక్కించాలి. అవి నెల తిరిగేసరికి తరిగిపోతాయి, మళ్ళీ ఎక్కించాలి. ఆ సీసాలు గవర్రాజు స్టోరు ఫ్రిజ్‌లో ఉంటాయి. బయట కొనడం నూకరత్నం తరం కాదు, అసలు ఊళ్ళో దొరకవు కూడా.

“పిల్లకి దగ్గు పట్టుకుందండీ డాక్టరమ్మ గారూ. ఈసారి ఏదో తేడాగా ఉందండి,” అంది నూకరత్నం.

మాస్కు పైనుంచి వీరవేణి ఐదుగురి కట్టని ఎగాదిగా చూసింది. “ఇదేం జబ్బండీ? అంటుకుంటదా?” అంది.

“ఆఫీసుది. నీకు రాదులే,” అంది త్రిపుర. పిల్ల వీపు మీద స్టెతస్కోపు పెట్టి వింది. విన్నాక ఆవిడకి నవ్వు రాలేదు.

నలుగుర్నీ ఈడ్చుకుంటూ పాపారాయుడు గారి గదికి పోయింది.

“జి క్లాసు మందు జి క్లాసు ఉద్యోగి చేతిమీదుగానే విడుదల కావాలి మేడమ్. ప్రస్తుతం ఆ కేడర్ ఖాళీ,” అన్నారాయన. ఆయన గుండె మీది చెయ్యి కూడా ఆవిణ్ణి వద్దన్నట్టే ఊగింది.

“అయితే నన్ను జి చెయ్యండి. ఇప్పుడే. చెయ్యి కలపండి.”

“చీట్లు ప్రింటింగులో ఉన్నాయని మనవి చేశాను కదా.”

త్రిపుర డైరెక్టరు గదికి పోయింది. ఐదుగురూ ఒకేసారి పట్టకపోతే ద్వారంలోంచి పక్కవాటుగా దూరారు. జలంధరరావు గారు అంతా శ్రద్ధగా విన్నారు. ఆయన శ్రద్ధగా వింటే ఏమవుతుందో ఆవిడకి ఈపాటికి తెలియాల్సింది.

“అంటే చెయ్యి కలిపేవాళ్ళు లేకే కదా మేడమ్ ఆ పాపకి జబ్బు!”

“చెయ్యి కలిపేవాళ్ళు ఉన్నారు సార్. అందుకునే గ్రాహకం లేదు. కణం మీద.”

“మేం కలుపుతాం. సంస్థ మొత్తం కలుపుతుంది! మందులు, సీసాలు ఇవన్నీ పై పై పూతలు. మూలానికి పోదాం.”

“సార్, లేనిది కణానికి. పిల్లకి రెండు చేతులూ ఉన్నాయి.”

“మీరు సూక్ష్మంగా ఆలోచిస్తున్నారు మేడమ్. పరిపాలన స్థూలంగా ఆలోచిస్తుంది,” అన్నారు జలంధరరావు గారు, వాత్సల్యంగా. “అయినా రూలు మీదే కదా. వేదికెక్కి చెప్పింది మీరే కదా!”

ఆ మాట ఆవిడ గుండెలో ముల్లులా దిగింది. నిజమే, చెప్పింది తనే.

మర్నాడే హాల్లో రోగి కరచాలన మహోత్సవం. ఫ్లెక్సీ కట్టారు, ఫోటోగ్రాఫర్లని పిలిచారు. వేదిక మీద కుర్చీలో వీరవేణిని కూర్చోబెట్టి, సిబ్బంది యావన్మందినీ ఐదేసి కట్టలుగా లైను కట్టించారు. వాళ్ళలో సగంమందికి జలుబు, ఐదుగురిని కలిపి కట్టాక ఒకరి జలుబు ఒకరి దగ్గరే ఉండిపోతుందా మరి. ముందు డైరెక్టరు గారు, వెనక పాపారాయుడు గారు. పాపారాయుడు గారు అరచేతిలోకి గట్టిగా తుమ్మి, ఆ చేతిని ప్యాంటుకి రాసుకుని, సిద్ధంగా ముందుకి చాచి పట్టుకున్నారు.

“మా పిల్లని ముట్టుకోకండి బాబూ! దానికి పడదండి!” అని కింది నుంచి నూకరత్నం అరిచింది. ఆవిణ్ణి వెనక్కి జరగమన్నారు, ఫోటోకి అడ్డొస్తోందని.

వీరవేణి చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. “ముందు మీరందరూ చేతులు కడుక్కుని రండి. ఆ వెనకాయన ఇప్పుడే దాంట్లోకి తుమ్మేరు, నేను చూసేను,” అంది మైకులో వినపడేట్టు.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. డైరెక్టరు గారి చెయ్యి గాల్లో ఉండిపోయింది. ఆయన మొహం మీది నవ్వు చెదరలేదు, ఇంకో అడుగు ముందుకి వేశారు. త్రిపురకి ఇంక ఆలోచన అన్నది లేదు. కట్టతో సహా వేదిక మీదకి ఉరికింది. అకౌంటెంటు, లిఫ్ట్ ఆపరేటరు, టెక్నీషియన్, తోటమాలి, ఎవరూ అడ్డుచెప్పలేదు. కట్టిన రోజునుంచీ తలోదిక్కుకీ లాక్కున్న ఆ ఐదుగురూ మొదటిసారి ఒకేవైపు పరుగెత్తి, పిల్లకీ డైరెక్టరుకీ మధ్య గోడలా నిలబడ్డారు. ఫోటోగ్రాఫర్లు ఫోటోలు తీసుకున్నారు. పొద్దున్న పేపర్లో “చిన్నారికి సిబ్బంది అండ” అని వేశారు.

ఆ ఫోటో చూసి ఆడిట్ వారు దిగారు. వచ్చినాయన డైరెక్టరు గుండె మీది దూది చేతిని చాలాసేపు పరిశీలించి ఒకే ప్రశ్న వేశాడు.

“తమకి ఎవరు చెయ్యి కలిపారు?”

జలంధరరావు గారు తన గుండె మీది చేతిని తడిమి చూసుకున్నారు. సహాయక టి కణం కూడా ఊరికే చెయ్యి కలపదు, ముందు దాన్ని ఇంకో కణం మేల్కొల్పాలి. ఈ మాట కూడా ఆడిట్ వారికి త్రిపుర పాత ప్రసంగంలోనే దొరికింది. డైరెక్టరుకి పై అధికారి చెయ్యి కలపనిదే ఆయన కలిపిన చెయ్యి చెల్లదని రాశారు. ఆయన రాజధానికి లేఖ పంపారు, తనకి చెయ్యి కలపమని. పై అధికారి తనకీ ఎవరూ కలపలేదని ఇంకా పైకి రాశారు. సంస్థలో పని మొత్తం ఆగిపోయింది. మరి గవర్రాజు సంగతి? మారింది చెల్లకపోయినా వెనక్కి మారడం ఉండదు కాబట్టి అతను గేటు దగ్గరే ఉండాలన్నారు. ఆ తర్వాత రోజు ఎలర్జీ చాలదని ఉద్యోగంలోంచే తీసేశారు.

ఈలోపు వీరవేణికి జ్వరం వచ్చింది. దగ్గు ముదిరి ఊపిరి ఆడక వార్డులో చేర్చారు. ఆక్సిజన్ పెట్టారు, యాంటీబయాటిక్స్ ఎక్కిస్తున్నారు. అవి ఒక చేత్తో యుద్ధం చేస్తున్నట్టే. రెండో చెయ్యి మెట్ల కింది స్టోరులో, ఫ్రిజ్ లోపల, తాళం వెనకాల ఉంది. నూకరత్నం మంచం పక్కన కూర్చుని పిల్ల పాదాలు పట్టుకుంది. ఏడవడం లేదు. డాక్టరమ్మ వచ్చినప్పుడల్లా తలెత్తి చూస్తోంది, అంతే. ఆ చూపు కంటే తిట్టినా బాగుండేది.

త్రిపుర నడుముకున్న నాడా కత్తెరతో కోసి అవతల పారేసింది. తిన్నగా డైరెక్టరు గదిలోకి వెళ్ళి తలుపు ధడాలున తోసింది.

“సార్, మన సంస్థకి ఆ పిల్ల జబ్బే వచ్చింది. అందరం ఎం క్లాసే. కుప్పలు తెప్పలుగా ఉన్నాం, గుంపులుగా తిరుగుతున్నాం, ఒక్కళ్ళం కూడా జి కి మారలేం. చెయ్యి చాస్తే అందుకునే చెయ్యి లేదు. ఇలా ఉన్న మనిషి జలుబుకి కూడా చచ్చిపోతాడు. తెలుస్తోందా మీకు? చచ్చిపోతాడు!”

తిడితే సిగ్గుపడతాడని ఆవిడ ఆశ. జలంధరరావు గారు కుర్చీలోంచి మెల్లిగా లేచారు. ఆయన మొహం వెలిగిపోయింది.

“అచ్చం అదే జబ్బా?”

“అచ్చం అదే.”

“ఏవో గారూ! ఇలా రండి! మన నమూనా ఎంత ఖచ్చితంగా కుదిరిందంటే, కణానికొచ్చే జబ్బు కూడా మనకొచ్చిందట! రాష్ట్రంలో ఏ సంస్థకైనా ఈ ఘనత ఉందా?” అని ఆయన రెండు చేతులూ రుద్దుకున్నారు. “మేడమ్, మరి దీనికి వైద్యం ఏమిటి?”

ఆయన అడిగిన ప్రశ్న సరైనదేనని త్రిపురకి అప్పుడు తట్టింది. ఒకసారి వార్డు వైపు చూసింది. సిగ్గూ శరం పక్కన పెట్టి గొంతు సవరించుకుంది.

“ఒకటే వైద్యం సార్,” అంది వినయంగా. “సొంతంగా జి తయారుచేసుకోలేని ఒంటికి బయటి నుంచి రెడీమేడ్ జి ఎక్కించాలి. ఆలస్యం చేస్తే నమూనా చచ్చిపోతుంది.”

“నమూనా చావడానికి వీల్లేదు!” అన్నారు జలంధరరావు గారు.

గిడ్డంగుల్లో బియ్యం కుళ్ళిపోతున్నా కదలని మనిషి నమూనా కోసం ఆ పూటే కదిలాడు. పాపారాయుడు గారు అత్యవసర నోట్ రాశారు. “శాశ్వత సిబ్బంది క్లాసు మారలేని స్థితిలో ఉన్నందున, బాహ్య సంస్థ నుండి జి క్లాసు మానవ వనరులను నెలసరి ప్రాతిపదికన ఎక్కించుటకు అనుమతించడమైనది.” చేతులు కలపనక్కరలేదా అని ఎవరో అడిగితే, బయటి నుంచి ఎక్కించే జి కి గ్రాహకాలతో పని లేదని త్రిపుర చెప్పింది. శాస్త్రం ప్రకారం కూడా అది నిజమే.

మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీకి ఫోను చేశారు. మధ్యాహ్నానికల్లా మెడలో ఏజెన్సీ ట్యాగుతో, గుండె మీద చెయ్యి గట్రా ఏమీ లేకుండా ఒక మనిషి వచ్చాడు. గవర్రాజు. ఉద్యోగం పోయాక ఏజెన్సీలో పేరు రాయించుకున్నాడట. ఇప్పుడు జీతం పాతదానిలో మూడో వంతు, పీఎఫ్ లేదు, సెలవు లేదు. పాపారాయుడు గారు అతన్ని పాత మొహం ఎరగనట్టు చూసి, సీలు కవరు చించి స్టోరు తాళంచెవి చేతికిచ్చారు.

“సాయంత్రం ఐదింటికల్లా మళ్ళీ సీలు వేసి అప్పగించాలి. బయటివాళ్ళ దగ్గర తాళాలు ఉంచం,” అన్నారు.

“ఆయ్, అలాగేనండి,” అన్నాడు గవర్రాజు. కిందికి పరుగెత్తాడు.

సీసా వచ్చింది. త్రిపుర స్వయంగా సూది పెట్టింది. ముందు మెల్లిగా, తర్వాత కొంచెం వేగంగా, ఎవరెవరో ముక్కూ మొహం తెలీని మనుషుల రక్తంలోని జి ప్రతిరక్షకాలు బొట్టు బొట్టుగా వీరవేణి చేతిలోకి దిగాయి. మూడో రోజుకి జ్వరం జారింది. ఐదో రోజుకి ఆక్సిజన్ తీసేశారు. ఆరో రోజున పిల్ల అన్నంలోకి చేపల పులుసు కావాలని పేచీ పెట్టింది. నూకరత్నం అప్పుడు ఏడ్చింది, కొంగు మొహం మీద కప్పుకుని, వార్డంతా వినపడేట్టు.

సంస్థ మాత్రం మారలేదు. శాశ్వత సిబ్బంది అందరూ ఐదేసి కట్టలుగా వరండాల్లో తిరుగుతూ, పైనుంచి ఎవరైనా చెయ్యి కలుపుతారని ఎదురుచూస్తూ జీతాలు తీసుకుంటున్నారు. పని ఏజెన్సీ వాళ్ళు చేస్తున్నారు. స్టోరులో గవర్రాజు, ల్యాబులో ఇద్దరు, వార్డుల్లో నర్సులు, ఆపరేషన్ థియేటర్లో గ్లౌజులతో సహా వచ్చిన ఒక సర్జను. ఈ విధానం గురించి మాట్లాడమని జలంధరరావు గారికి మూడు రాష్ట్రాల నుంచి ఆహ్వానాలొచ్చాయి.

ఇంటికి పంపేముందు వీరవేణికి ఇంకో సీసా ఎక్కించమని త్రిపుర రాసింది. గవర్రాజు తెచ్చి స్టాండుకి తగిలించాడు.

“వచ్చేనెల కూడా మీరే ఇత్తారాండీ?” అంది వీరవేణి.

“చెప్పలేనమ్మా. మా కాంట్రాక్టు నెలకే. నెలాఖరుకి అయిపోద్ది, ఆ పైన టెండరు పిలవాలి.”

“ఇవి కూడా నెలకే అయిపోతాయంట కదండీ, నా ఒంట్లోవి.” పిల్ల వేలితో సీసా చూపించింది. “రెండూ ఒక్కసారే అయిపోతే నేనేం చెయ్యాలండీ?”

గవర్రాజు సీసాలోంచి పడే చుక్కల వేగం సరిచేశాడు. త్రిపుర గోడవైపు చూసింది. గడియారంలో ఐదు కావస్తోంది. తాళంచెవి కోసం పాపారాయుడు గారు సీలు కవరూ లక్కా పట్టుకుని మెట్లు దిగి వస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

ఆవిడ గవర్రాజు వైపు చెయ్యి చాచింది. అతను తాళంచెవి ఆ చేతిలో పెట్టాడు.

“పోయిందని చెప్పు,” అంది త్రిపుర. “నేను పోగొట్టానని చెప్పు. మెమో నాకిమ్మను.”

దాన్ని ఎక్కడ దాచాలో తెలీక అటూ ఇటూ చూసింది. తెల్లకోటు జేబుకి చిల్లు. నూకరత్నం తన జాకెట్టుకున్న పిన్నీసు తీసి డాక్టరమ్మ చేతికిచ్చింది.